పోరుకు ముందే చాపకూడు

సత్తెనపల్లి: కార్తీక అమావాస్య నాటికి చేలల్లో పత్తి తీతలు ముమ్మరంగా సాగుతుంటాయి. అయినా పల్నాటి జనం వీలు చేసుకుని కారంపూడి దారి పడతారు. అక్కడ అయిదు రోజుల పాటు వీరుల తిరునాళ్లు జరుగుతాయి.

12వ శతాబ్దంలో గురజాల, మాచర్ల రాజ్యాల మధ్య జరిగిన పోరుకు గుర్తు ఈ ఉత్సవం. దాయాదుల తగవు కోడిపందెంతో ముదిరింది. ఓడిన మాచర్ల వారు ఏడేళ్లు వలసపోయారు. గడువు తీరాక రాయబారిగా వచ్చిన అలరాజు చర్లగుడిపాడులో విషానికి బలయ్యాడు. ఆ తర్వాత కారంపూడిలో యుద్ధం జరిగింది.

రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు... ఇవీ అయిదు రోజుల పేర్లు. వీరాచారవంతులు కొణతాలనే ఆయుధాలను నాగులేటిలో శుద్ధి చేసి వీరుల గుడికి తెస్తారు. మాల కులానికి చెందిన వీరవిద్యావంతులు తరతరాలుగా ఈ కథను గానం చేస్తున్నారు.

మూడోనాడు మందపోరు. చాపకూడు ఆనాడే. కులం అడగకుండా అందరూ ఒకే పంక్తిలో కూర్చుని తింటారు. ఇది బ్రహ్మనాయుడు పెట్టిన ఆచారమంటారు. ఆయన మాల కన్నమదాసును సేనాధిపతిని చేశాడనీ, యుద్ధం ముగిశాక ఎదుటి పక్షం నలగామరాజుకే రాజ్యం అప్పగించి గుత్తికొండ బిలానికి వెళ్లిపోయాడనీ కథ.

బాలచంద్రుడి రోషాన్ని చెప్పుకున్నంతగా ఈ ముగింపును ఎవరూ చెప్పుకోరు. ఊళ్లు రెండుగా చీలినప్పుడు ఆ లోటు తెలుస్తుంది. 2024 మే 13న పోలింగ్ నాడు పల్నాడు జిల్లాలో రేగిన గొడవలు మర్నాడు కారంపూడిని కూడా తాకాయి. జిల్లా అంతటా 144వ సెక్షన్ పెట్టారు. ఎన్నికల సంఘం కలెక్టరును బదిలీ చేసి, ఎస్పీని సస్పెండు చేసింది.

కేసులు కోర్టులో తేలవచ్చు. ఊళ్లో మాత్రం రెండు వర్గాల వారూ ఒకే కాలువ నీళ్లు పారించుకోవాలి. ఒకరి మిరపకోతకు ఇంకొకరి వీధి కూలీలే రావాలి. ఏడాదికి ఒక పూట కలిసి తిన్నంత మాత్రాన పాత కక్షలు తీరవు. అయినా పెద్దలు పెట్టిన వరుస గమనించదగ్గది. కోడిపోరు, కళ్లిపాడు ఇంకా రాకముందే, మాట కలుపుకునే అదను ఉండగానే, చాప పరుస్తారు.