దొంగ హెచ్చరికలు ఫోన్‌లోకి ఎలా వస్తాయి?

"మీ ఫోన్‌లో వైరస్‌లున్నాయి, వెంటనే క్లీన్ చేయండి!" అంటూ ఎర్రటి గుర్తుతో నోటిఫికేషన్ ఎప్పుడైనా వచ్చిందా? కంగారు పడకండి. చాలాసార్లు అక్కడ వైరస్ ఏమీ ఉండదు. ఏదో వెబ్‌సైటుకు తెలియక మనమిచ్చిన అనుమతే అలా తిరిగొస్తుంది.

క్రికెట్ స్కోరు కోసమో, సినిమా కోసమో ఓ సైటు తెరుస్తాం. "మీరు రోబో కాదని నిరూపించడానికి అలౌ నొక్కండి" అని కనిపిస్తుంది. అసలు మోసం ఇక్కడే ఉంది. రోబో పరీక్షకూ ఆ బటన్‌కూ ఏ సంబంధమూ లేదు. నొక్కామంటే ఆ సైటుకు నోటిఫికేషన్లు పంపే హక్కు దక్కినట్టే. బ్రౌజర్‌లో సర్వీస్ వర్కర్ అనే చిన్న ప్రోగ్రాము ఉండిపోతుంది. పేజీ మూసేసినా అది పోదు. సర్వర్ నుంచి సందేశం రాగానే మేల్కొని తెర మీద చూపిస్తుంది. క్రోమ్‌లో ఈ సదుపాయం 2015లో వచ్చింది. వార్తలకూ మెయిళ్లకూ ఎంతో పనికొచ్చేదాన్ని మోసగాళ్లు ఇలా పాడుచేయడం నిజంగా అన్యాయం.

వదిలించుకోవడం తేలికే. ఆండ్రాయిడ్ ఫోన్‌లో క్రోమ్ తెరిచి, మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ చూడండి. అనుమతి ఉన్న సైట్ల జాబితా అక్కడుంటుంది. ఎన్నడూ వినని పేరు కనిపిస్తే బ్లాక్ చేసేయండి.

అయినా తెర నిండా ప్రకటనలు వస్తుంటే అది ఏదో యాప్ పని కావచ్చు. ఈమధ్య వేసుకున్న టార్చ్, వాల్‌పేపర్, క్లీనర్ యాప్‌లను ముందుగా అనుమానించండి. కంప్యూటర్‌లోనైతే బ్రౌజర్‌లోని తెలియని ఎక్స్‌టెన్షన్లు తీసేయండి.

తాతయ్య, అమ్మమ్మల ఫోన్‌లలో కూడా అనుమతి ఉన్న సైట్ల జాబితా ఒకసారి చూసిపెట్టండి.