ఏ పేటలో ఉండాలి? - నివాసం, అద్దె, కథావస్తువు

ఇల్లు మారడం మన కథల్లో తరచుగా కనిపించే వస్తువే. కొళాయి దగ్గర తగాదా, పెరిగిన అద్దె, ఇంటివాళ్ల దర్జా - ఇవన్నీ మధ్యతరగతి జీవిత చిత్రణలో ఎప్పుడో స్థిరపడ్డాయి. అయితే ఆ కుటుంబం ఆ పేటకే ఎందుకు వచ్చింది, పక్క పేటకు ఎందుకు పోలేదు అన్న ప్రశ్నను మాత్రం మనం పాత్ర అభిరుచికో, అదృష్టానికో వదిలేస్తున్నాం. నిజానికి ఆ నిర్ణయం వెనుక భూమి ధర, ప్రయాణ కాలం, ఉపాధి, కులం కలిసి పనిచేస్తాయి. వీటిని విడివిడిగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నేను ఉండేది సత్తుపల్లిలో. ఇక్కడ చదువుకున్న పిల్లలు చాలామంది హైదరాబాదు పోతున్నారు. మా అక్క కూతురికి మాదాపూర్‌లో ఉద్యోగం వచ్చింది. "మామయ్యా, ఇల్లు ఎక్కడ చూసుకోమంటావు?" అని అడిగింది. లెక్క వేసి చూశాం. అద్దె తక్కువని ఊరి చివర ఉంటే పోను గంటన్నర, రాను గంటన్నర. నెలకు 25 పనిదినాలకు 75 గంటలు. ఎనిమిది గంటల పనిదినం లెక్కన తొమ్మిది రోజులకు పైగా జీతం లేని చాకిరీ. ఆఫీసుకు దగ్గర్లో ఉంటే ఆ గంటల ఖరీదును ఇంటి యజమాని అద్దెలో కలిపి వసూలు చేస్తాడు. కాలం రూపంలోనో, డబ్బు రూపంలోనో చెల్లించక తప్పదు.

ఈ అద్దె ఎక్కడి నుంచి పుట్టింది? 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. 2003లో ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు వచ్చాయి. 2017లో మియాపూర్, నాగోల్ మధ్య మెట్రో నడిచింది. 2019లో అది అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి చేరింది. రోడ్లూ పట్టాలూ సమాజం శ్రమతో వచ్చాయి. వాటి వల్ల పెరిగిన విలువ మాత్రం పక్కనున్న స్థలం యజమానికి, అతను కూర్చున్నచోటే, చేరింది.

ఈ పరిణామాన్ని సామాజిక శాస్త్రవేత్తలు 'జెంట్రిఫికేషన్' అంటారు. మనం పేటల సంపన్నీకరణ అనుకోవచ్చు. లండన్ కార్మికవాడల్లోకి పై తరగతులు చేరుతున్న తీరును వివరిస్తూ 1964లో రూత్ గ్లాస్ ఈ మాటను వాడారు. ఒక స్థలం ఇప్పుడు తెస్తున్న అద్దెకూ, మరో విధంగా వాడితే తేగల అద్దెకూ మధ్య తేడా పెరిగినప్పుడే పెట్టుబడి అక్కడికి దూకుతుందని 1979లో నీల్ స్మిత్ సూత్రీకరించాడు. అంతకు శతాబ్దం ముందే, 1872లో, ఎంగెల్స్ గృహ సమస్యపై రాస్తూ, పాలకవర్గం మురికివాడలను నిర్మూలించదనీ, వాటిని మరోచోటికి జరుపుతుందనీ నిరూపించాడు.

అయితే పరాయి దేశపు మాటను యథాతథంగా దిగుమతి చేసుకోలేం. లండన్‌లో పాత ఇళ్లు చేతులు మారాయి. మన దగ్గర నగరం ఊళ్లను మింగింది. మాదాపూర్, కొండాపూర్, నానక్‌రామ్‌గూడ మొన్నమొన్నటి దాకా పల్లెలు. అక్కడ సొంత పొలమున్నవాడికి నష్టమో లాభమో ఏదో ఒక ధర దక్కింది. ఆ పొలంలో కూలికి పోయినవాడికి ధర లేదు.

అద్దె ఇంటికి మరో ముఖం ఉంది. ఒప్పందం సాధారణంగా పదకొండు నెలలకే రాస్తారు. ఏడాదికి మించిన కౌలును రిజిస్టరు చేయాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మొదట చెప్పినందువల్ల వచ్చిన ఏర్పాటు ఇది. ఏటా ఇల్లు ఖాళీ చేయించడానికో, అద్దె పెంచడానికో అది వీలిస్తుంది. ఇక టు-లెట్ బోర్డు చూసి లోపలికి వెళ్తే, అద్దె ఎంతో చెప్పకముందే "మీరేమిట్లు?" అన్న ప్రశ్న ఎదురవుతుంది. శాకాహారులకే అన్న షరతు ఆ ప్రశ్నకే మర్యాద తొడుగు. అందువల్ల ఒకే జీతం తెచ్చుకునే ఇద్దరికి నగరంలో ఒకే సంఖ్యలో ఇళ్లు దొరకవు.

ఇదంతా మహానగరాలకే పరిమితమనుకుంటే పొరపాటు. సత్తుపల్లి పక్కనే సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులున్నాయి. బొగ్గు తరలించడానికి కొత్తగూడెం వైపు నుంచి రైలు మార్గం వచ్చింది. గని జీతాలు వచ్చేచోట అద్దెలు ఆ జీతాలను చూసి కదులుతాయి. కూలి డబ్బులను చూసి కావు. పేలుళ్లకు గోడలు బీటలు వారుతున్నాయని గని దగ్గరి కాలనీల వాళ్లు మొరపెట్టుకున్న వార్తలు పత్రికల్లో వచ్చాయి. చవక ఇల్లు ఎందుకు చవకో దుమ్మూ పగుళ్లూ చెబుతాయి.

దమ్మపేట, అశ్వారావుపేట వైపు వెళ్తే షెడ్యూల్డు ప్రాంతం. అక్కడ 1959 నాటి భూబదలాయింపు నిబంధనలు, వాటిని కట్టుదిట్టం చేసిన 1970 నాటి ఒకటో నిబంధన - మనం వాడుకలో 1/70 అనేది - గిరిజనేతరులకు భూమి బదిలీని నిషేధిస్తాయి. అమలులో ఎన్ని కంతలున్నా, భూమిని బజారు సరుకు కాకుండా చట్టం ఆపగలదన్న సంగతి మనకు కొద్ది మైళ్ల దూరంలోనే ఉంది. నగరం గురించి రాసేవాళ్లు ఈ అడవి అంచు అనుభవాన్ని గమనించాలి.

రచయితలుగా మన స్థానమేమిటి? న్యూయార్క్‌లో పాత కర్మాగారాల్లోకి ముందు కళాకారులు చేరారనీ, వాళ్లు తెచ్చిన ఆకర్షణను సొమ్ము చేసుకుంటూ వెనకే పెట్టుబడి వచ్చిందనీ 1982లో షారన్ జుకిన్ వివరించారు. "ఆ పేటలో పుస్తకాల వాతావరణం ఉంది" అని మనం మెచ్చుకునే మాట కూడా ఒక్కోసారి స్థలం ధర పెంచే ప్రచారమే అవుతుంది.

మా అక్క కూతురు చివరకు కూకట్‌పల్లిలో మరో ఇద్దరు అమ్మాయిలతో కలిసి రెండు గదులు తీసుకుంది. తన జీతానికి అది సరైన నిర్ణయమే. ఆ ఇంట్లో పాచిపని చేసే ఆమె మాత్రం రెండు బస్సులు మారి వస్తుంది. ఇంతకుముందు రెండు వీధుల అవతలే ఉండేదట. అద్దె పెరిగి ఖాళీ చేసింది. ఇల్లు దొరికిన అమ్మాయి కథ మనం రాయగలం, రాస్తున్నాం. రెండు బస్సులు మారే ఆమె ఉదయం ఎన్ని గంటలకు లేస్తుందో, ఆమె పిల్లలు ఏ బడి మానేశారో, ఆమె ఖాళీ చేసిన గదికి ఇప్పుడు అద్దె ఎంతో తెలుసుకోనిదే ఆ కథ సగంలోనే ఉంటుంది.