ఒకే కప్పు కింద రెండు బడులు

బోస్నియా యుద్ధం 1995లో డేటన్ ఒప్పందంతో ఆగింది. తగువు మాత్రం పాఠ్యపుస్తకాల్లోకి చేరింది. స్టోలాట్స్, ట్రావ్నిక్ లాంటి ఊళ్లలో క్రొయేట్, బోస్నియాక్ జాతుల పిల్లల బడి భవనం ఒకటే. సిలబస్, టీచర్లు వేరు, కొన్నిచోట్ల గుమ్మాలూ వేరే. శరణార్థులు తిరిగొచ్చేందుకు తాత్కాలికంగా పెట్టిన ఈ ఏర్పాటు పాతుకుపోయింది.

రకరకాల మతాల, జాతుల పిల్లలను ఒకచోట కలపడం బడి చేయాల్సిన పని అని తత్త్వవేత్త జాన్ డ్యూయీ 1916లోనే వాదించారు. ఆ లెక్కన పిల్లల్ని విడదీసే బడి రేపటి కొట్లాటకు నారు పోస్తున్నట్టే. బోస్నియా బడుల్లోని ఈ విభజన వివక్షేనని అక్కడి ఫెడరేషన్ ప్రాంతపు సుప్రీంకోర్టు 2014లో తేల్చినా అమలు అంతంతమాత్రం. అదే దేశంలోని యాయ్‌ట్సే పట్టణంలో ఇలాగే జాతి ప్రాతిపదికన మరో బడి పెట్టబోతే, రెండు వర్గాల విద్యార్థులూ కలిసి వీధికెక్కారు. 2017లో అధికారులు వెనక్కి తగ్గారు.