పాయింట్లతో సొంతూరికి: విదేశాల్లోని కోలారు కుటుంబాలకు

2001లో కేజీఎఫ్ గనులు మూతపడ్డాక మన కుటుంబాలు పని కోసం దూరాలకు వెళ్లాయి. విదేశాల్లో ఉన్నవాళ్లు పిల్లలతో అవ్వాతాతల దగ్గరకు రావాలంటే నలుగురి టికెట్ల ఖర్చే అడ్డం. విమాన సంస్థల పాయింట్లు ఆ భారం కొంత తగ్గిస్తాయి.

దేవనహళ్లి విమానాశ్రయానికి రావడానికి ఒకే సంస్థను నమ్ముకోనక్కర్లేదు. ఎయిర్ ఇండియా 2014 నుంచి స్టార్ అలయన్స్‌లో ఉంది. కాబట్టి యునైటెడ్, ఏరోప్లాన్ పాయింట్లతోనూ అందులో సీట్లు వెతకవచ్చు. బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఖతార్ ఎయిర్‌వేస్ రెండింటి పాయింట్లూ ఏవియోసే. ఒకదాని నుంచి మరోదానికి మార్చుకోవచ్చు.

అసలు చిక్కు ఒకే విమానంలో నాలుగు సీట్లు దొరకడం. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 355 రోజుల ముందే సీట్లు తెరుస్తుంది. వేసవి సెలవులకు రావాలనుకుంటే అప్పుడే చూడండి. ఏరోప్లాన్‌లో ఇంటివాళ్లు 8 మంది వరకు పాయింట్లు కలుపుకోవచ్చు.

మేము గట్టిగా చెప్పేది ఒకటుంది. సీట్లు కనబడకముందే క్రెడిట్ కార్డు పాయింట్లను విమాన సంస్థకు మార్చకండి. సాధారణంగా అవి వెనక్కి రావు. పన్నులు, సర్‌చార్జీలు సాధారణంగా డబ్బుగానే కట్టాలి. వాటిని మామూలు టికెట్ ధరతో పోల్చుకోండి. తేడా తక్కువైతే టికెట్ కొనడమే మేలు.