జంటదోనెల నావ – లంగరు పట్టు

'కట్టుమరము' అను తమిళ పదమునుండి ఆంగ్లమున 'కేటమరాన్' అను పేరు పుట్టినది. దుంగలను ప్రక్కప్రక్కన చేర్చి కట్టిన మన తీరపు తెప్ప వంటిదే ఆ మాటకు మొదటి అర్థము. నేడు విహారమునకు వాడు కేటమరాన్ వేరు. రెండు సన్నని దోనెలను ఎడముగా నిలిపి, పైన వేదికతో కలిపి, తెరచాప నెత్తిన నావ అది. తెప్పను పని ముగియగానే ఇసుకపైకి లాగుకొందురు. ఈ పెద్ద నావ మాత్రము రాత్రియెల్ల నీటిమీదనే నిలువవలెను. లోపల మనుష్యులు నిద్రించుచుందురు. లంగరు జారినచో, వారు మేల్కొనులోగా నావ రాళ్ళపై పడవచ్చును.

లంగరు తన బరువుచేతనే నావను ఆపునని మనము తలంతుము. కాని అది నాగలికఱ్ఱు వలె నేలలో దిగి పట్టును. నేలబారుగా లాగినంతవఱకు పట్టు బిగియును. పైకి లాగినచో ఊడివచ్చును. కావుననే గొలుసును లోతునకు అనేక రెట్లు వదలవలెను. నీటిలోతు 4 మీటర్లు, పోటున పెరుగు నీరు 1.5 మీటర్లు, నీటిపై నావ ముందుకొన ఎత్తు 1.5 మీటర్లు అనుకొందము. మొత్తము 7 మీటర్లు. గొలుసైనచో దీనికి 5 రెట్లు, అనగా 35 మీటర్లు; ఎక్కువ భాగము మోకైనచో 7 రెట్లు, అనగా 49 మీటర్లు వలయును. గాలి వేగము రెండింతలైనచో దాని త్రోపు నాలుగింతలగును గనుక, గాలివానకు ఇంకను వదలుట మేలు.

ఈ నావకు మఱియొక చిక్కు కలదు. తేలికయై, నీటిలో తక్కువ మునిగి, పైన గాలికి ఎక్కువ అడ్డు నిలుచుటచే అటునిటు ఊగులాడును. ప్రతి ఊపునకు లంగరు ప్రక్కకు లాగబడును. అందుచే రెండు దోనెల ముందుకొనలనుండి రెండు నైలాను మోకులను తెచ్చి, గొలుసుతో ఒకచోట కలుపుదురు. భారము రెండు వైపుల సమముగా పడి, నావ గాలికి ఎదురుగా నిలుచును. నైలాను సాగుటవలన అలల కుదుపు కూడ తగ్గును.

ఇసుక, బంకమట్టి గల అడుగు మంచిది. నాచు, బండరాయి నమ్మరానివి. గాలికి ఎదురుగా వచ్చి ఆగి, లంగరు దింపి, మెల్లగా వెనుకకు జరుగుచు గొలుసు వదలవలెను. పిమ్మట యంత్రమును వెనుకకు నడపి పట్టు పరీక్షింపవలెను. ఒడ్డున ఒకే వరుసలో కనబడు చెట్టు, గోపురము వంటి రెండు గుర్తులను ప్రక్కగా చూచుకొని, ఆ వరుస తప్పుచున్నదేమో గమనింపవలెను. నేడు ఉపగ్రహ సంకేతములతో హెచ్చరించు పరికరములు ఉన్నను కంటిచూపు మానరాదు. గాలి మారినపుడు నావ తిరుగు వలయములో రాయికాని, వేరొక పడవకాని ఉండరాదు.

స్థిరముగా నాటిన తేలుడుగుర్తునకు కట్టునపుడును రెండు కొనలనుండి రెండు మోకులే వాడవలెను. ఒరసికొను చోట గుడ్డ చుట్టవలెను. మేము చెప్పదలచినది ఇంతే: సముద్రముపై నిద్ర సుఖముగా పట్టవలెనన్న, చీకటి పడకముందే ఆ పట్టును పరీక్షించి యుండవలెను.