మంచుబద్దల ఎంపిక

మదనపల్లె వారమైన మాకు చలి యనగా హార్స్‌లీ కొండల చలియే. సుమారు 4,000 అడుగుల ఎత్తున పుష్యమాసపు రాత్రి యొకటి గడిపి దిగివచ్చినవాడు ఏడాది పొడుగునా ఆ ముచ్చటే చెప్పుచుండును. ఇక మంచుపై మనుష్యులు జారుట మాకు చలనచిత్రములలోని సంగతి. అట్టి నాకు స్కీలను ఎట్లు ఎన్నుకొనవలెనో తెలిసికొనవలసిన అగత్యము ఒక ఇంటి తగవు వలన కలిగినది.

కుప్పములో మా చెల్లెలున్నది. ఆమె కుమారుడు అమెరికాలో, డెన్వరు నగరమున ఉద్యోగము చేయుచున్నాడు. మూడేండ్ల క్రిందట వాడు స్నేహితుని స్కీలు అరువు తెచ్చుకొని, రాకీ పర్వతములపై మొదటినాడే పడినాడు. మోకాలిలోని స్నాయువు తెగినది. శస్త్రచికిత్స యైనది. చంకకఱ్ఱలతో నెలలు గడిచినవి. ఆ కొండ మాట మరల ఎత్తరాదని తల్లి ఒట్టు పెట్టినది. నేర్చుకొనక మాననని వాడు పట్టుపట్టినాడు. నిరుడు శీతకాలమున నేను అచ్చటికి పోవుచుండగా, "అన్నా, నీవు పంతులువు. వాడికి నీవే బుద్ధి చెప్పి రా" అని చెల్లెలు నన్ను సాగనంపినది.

బుద్ధి చెప్పుటకు ముందు విషయము తెలియవలెను గదా! స్కీ యను మాటకు ప్రాచీన నార్సు భాషలో చీల్చిన కొయ్య యని అర్థము. మన 'బద్ద' యును అదియే. కనుక మంచుబద్ద లనుట తప్పు కాదు. పందొమ్మిదవ శతాబ్దిలో నార్వే దేశపు టెలిమార్కు సీమవాడు సాండ్రె నోర్‌హైమ్ మడమ వెనుకగా కట్టు వేసి, బద్ద నడుమును సన్నగా చెక్కి, మలుపు తిరుగుటను సులువు చేసినాడు. 1990 దశకమున ఆ నడుము మరింత సన్నబడినది. అంతకుముందు మనిషిని మించిన పొడుగు గలవే మేలను నమ్మకముండెడిది. నేడు అది చెల్లదు.

కొండయంతటా పనికివచ్చునని అమ్ము రకములో కొత్తవాడు చూడవలసినవి ముఖ్యముగా మూడు. మొదటిది పొడుగు: నిలువబెట్టిన బద్ద కొన గడ్డమునకును ముక్కునకును నడుమ నుండవలెను. రెండవది నడుము వెడల్పు: యంత్రముతో చదును చేసిన బాటలపై నేర్చుకొనువానికి 75 మొదలు 90 మిల్లీమీటర్ల వరకు చాలును. 100 దాటినవి పిండివంటి లోతు మంచులో తేలుటకు ఉద్దేశించినవి. గట్టి బాటపై అవి మలుపునకు బద్ధకించును. మూడవది మెత్తదనము: మెల్లగా పోవువాని బరువునకే వంగు బద్ద కావలెను. కొన కొంచెము పైకి లేచియున్నచో మలుపు మొదలిడుట తేలిక. లోహపు రేకులు పొదిగిన గట్టి బద్దలు వేగము మరిగినవారికే లోబడును. మా మేనల్లుడు 173 సెంటీమీటర్ల మనిషి. వాడు అరువు తెచ్చినవి 188 సెంటీమీటర్లవి, గట్టివి.

ఇది మన ప్రాంతమువారికి కొత్త నీతి కాదు. పుంగనూరు ఆవు మూడడుగుల ఎత్తుకు అటునిటుగా నుండును. పెద్ద జాతి ఆవుల ప్రక్క నిలిపిన దూడయనిపించును. కాని వానలు తక్కువైన మెట్టసీమలో, కొద్దిపాటి మేతతో, చిన్న రైతు దొడ్డిలో నిలిచినది అదియే. ఎంపిక యనగా గొప్పదానిని తెచ్చుట కాదు, తగినదానిని తెచ్చుట.

బద్దలకంటె ముందు చూడవలసినవి బూట్లు. అవి పాదమును మడమకడ కదలనీయక పట్టవలెను, వ్రేళ్లు మాత్రము కొంచెము ఆడవలెను. మొదటి ఋతువున బద్దలు కొనక అద్దెకు తీసికొనుటయే వివేకము. రెండు మూడు రకములు త్రొక్కి చూచిన పిమ్మట కొనవచ్చును.

నేను మేనల్లునితో అద్దె అంగడికి పోయితిని. అచ్చట ఒక కాగితము పూర్తి చేయవలెను: బరువు, ఎత్తు, వయస్సు, ఆపైన నీవు ఏ తరగతివాడవు? జాగ్రత్తగా మెల్లగా పోవువాడు మొదటి తరగతి. నిటారు వాలున వేగముగా దూకువాడు మూడవ తరగతి. బూటును బద్దకు పట్టియుంచు బంధము ఎంత బలమునకు విడిపోవలెనో ఆ జవాబును కూడ బట్టి పనివాడు అమర్చును. గొప్పకు పోయి మూడవదని వ్రాసినచో, పడినప్పుడు బద్ద కాలిని వదలదు. ఇట్టి బంధముల మూలమున కాలియెముక విరుగుట ఎంతో తగ్గినది గాని, మోకాలి స్నాయువు తెగుట నేటికిని తరచైనదే. అందుచేత మంచి బద్దతోబాటు మంచి గురువును వలెను.

మేనల్లుని కలము ఆ ప్రశ్నకడ ఆగినది. వరుసలో వెనుక వాని కార్యాలయపు మిత్రులున్నారు. "ఏమి వ్రాయమందువు మామా?" అన్నాడు. నేను బదులీయలేదు. ముప్పదేండ్లుగా తరగతి గదులలో, తెలియనిది తెలియదని చెప్పలేక చెడిన విద్యార్థులను ఎందరినో చూచితిని. వాడు ఒక నిమిషమాగి 'మొదటి తరగతి' అని వ్రాసినాడు. వానికి 158 సెంటీమీటర్ల పొడుగు, 82 మిల్లీమీటర్ల నడుము గల మెత్తని బద్దలిచ్చినారు. ఆనాడు పిల్లలు నేర్చు వాలున, గురువు చెంత, వాడు పలుమారులు పడినాడు, పలుమారులు లేచినాడు.

మన యువకులు ఇందుకై సముద్రములు దాటనక్కరలేదు. కాశ్మీరమున గుల్మార్గు కలదు. 2020లో మొదటి ఖేలో ఇండియా శీతకాల క్రీడలు కొన్ని అచ్చట జరిగినవి. తీగబండి అఫర్వత్ శిఖర సమీపమునకు కొనిపోవును గాని, ఆ పైమంచు నేర్చినవారిది. కొత్తవాడు క్రింది మైదానపు వాలుననే నిలువవలెను.

ఆ రాత్రి చెల్లెలికి ఫోను చేసి జరిగినదంతయు చెప్పితిని. బద్దల కొలతలు ఆమెకు పట్టలేదు. "ఆ కాగితములో వాడేమి వ్రాసినాడన్నావు?" అని మరల అడిగినది. "మొదటి తరగతి" అంటిని.

కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "అయితే పోనీలే అన్నా, నేర్చుకోనీ" అన్నది.