పసికూన చేతిలో ఓటమి: పదౌచిత్య పరిశీలన

ఆరితేరినవాడు అనుభవం లేని ప్రత్యర్థితో తలపడి ఓడిన సందర్భాన్ని ఒక్క మాటలో చెప్పే పదం తెలుగులో కనిపించదు. ‘ఓటమి’, ‘పరాజయం’ ఫలితాన్ని చెబుతాయే కాని గెలిచిందెవరో చెప్పవు. ఆ పనిని తెలుగు వాక్యం ‘చేతిలో’ అనే మాటకు అప్పగించింది. ‘కొత్తవాడి చేతిలో ఓడాడు’ అన్నప్పుడు ఎత్తిపొడుపు క్రియలో లేదు, ఆ ‘కొత్తవాడి’లో ఉంది. కాబట్టి వెతకవలసింది ఓటమికి పేరు మాత్రమే కాదు, గెలిచినవారికి తగిన పేరు కూడా.

తెలుగు క్రీడావార్తల్లో ఇందుకు స్థిరపడిన మాట ‘పసికూన’. 2007 మార్చి 17న వెస్టిండీస్‌లో జరిగిన ప్రపంచ కప్ పోటీలు దీని ఔచిత్యాన్ని పరీక్షించడానికి చక్కగా పనికివస్తాయి. ఆనాడు కింగ్‌స్టన్‌లో పాకిస్థాన్‌ను ఓడించిన ఐర్లండ్‌కు అదే తొలి ప్రపంచ కప్. ‘పసికూన’ అక్కడ అతుకుతుంది. అదే రోజు పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో భారత్‌ను 191 పరుగులకు కట్టడి చేసి, 5 వికెట్ల తేడాతో గెలిచిన బంగ్లాదేశ్ సంగతి వేరు. అర్ధశతకం చేసిన తమీమ్ ఇక్బాల్‌కు 18 ఏళ్లు నిండని మాట నిజమే. కాని ఆ జట్టుకు 2000లోనే టెస్టు హోదా దక్కింది. 2004లో ఢాకాలో భారత్‌ను, 2005లో కార్డిఫ్‌లో ఆస్ట్రేలియాను ఓడించింది. అలాంటి జట్టును పసికూన అనడం వర్ణన కాదు, ఓడినవారి అహానికి ఊరట.

ఓడినవారి వైపు నుంచి చూస్తే మాటలకు కొదవలేదు. ‘పరాభవం’లో అవమానం ప్రధానం, ప్రత్యర్థి సమానుడైనా అది చెల్లుతుంది. ‘శృంగభంగం’ కావాలంటే ముందు కొమ్ములు ఉండాలి, అంటే గర్వం రుజువు కావాలి. వినయంగా ఆడి ఓడినవాడికి ఆ మాట అన్యాయం. ‘భంగపాటు’ వీటికంటే మేలు. గెలుపు ఖాయమనుకున్న అంచనా విరిగిందనే చెబుతుంది, గెలిచినవాడిని చిన్నబుచ్చదు. ‘పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ’ అనే సామెత మాత్రం పూర్తిగా పెద్దవాడి పక్షం. పిల్లకాకి గెలిచిన రోజున దానికి చోటు లేదు.

ఈ మాటలేవీ పనికిరాని సందర్భం ఒకటుంది. అశ్వమేధ పర్వంలో అర్జునుడు కుమారుడైన బభ్రువాహనుడి చేతిలో పడిపోతాడు. కొడుకు చేతిలో, శిష్యుడి చేతిలో ఓటమిని కోరుకోవాలన్నది సంస్కృత సుభాషితాల్లో ప్రసిద్ధమైన భావం. అక్కడ ‘భంగపాటు’ కూడా ఎక్కువే. ‘ఓడాడు’ అంటే చాలు.